యాభై ఒకటో నిమిషం

అట్ట మీద జార్జియా అని ఉంటే
మా అక్క కాపురముండే రాష్ట్రమే అనుకున్నాను.
డులూత్‌లో జనవరి, మీసం మీద ఊపిరి గడ్డకడుతోంది,
ఎండ ఎక్కడున్నా అరువు తెచ్చుకోవాల్సిందే.
లైబ్రరీలో అరువుకి వడ్డీ లేదు.

ఆసుపత్రి లాండ్రీలో రాత్రి షిఫ్టు దిగి
తెల్లారగట్ల డిస్కు పెడితే
కొండలు. మంచు. మళ్లీ మంచే.
తెర అడుగున అక్షరాలు పరుగెడుతున్నాయి.
సినిమా చూస్తున్నానో చదువుతున్నానో
పావుగంట దాకా తేలలేదు.
ఆపేద్దామనే అనుకున్నాను గానీ
బూట్లు విప్పని కాళ్లు లేవనన్నాయి.

ఒక ముసలాయన గాడిద మీద
ఇనప పొయ్యి కట్టుకుని కొండెక్కుతున్నాడు.
అంతే కథ.
గాడిద ఆగితే ఆయనా ఆగుతాడు.
గాడిద ఆలోచనలో పడితే
మనమూ పడాలి.
మా టీవీలో ఏదీ
ఇంతసేపు ఎవరికోసమూ ఆగగా చూడలేదు.

యాభై ఒకటో నిమిషం.
పైన ఇంట్లో ఒకావిడ తలుపు తీసింది,
ఏదో అనబోయింది,
బొమ్మ గళ్లుగళ్లుగా చిట్లి బిగుసుకుపోయింది.
తీశాను, ఆవిరి ఊదాను, చొక్కా అంచుతో తుడిచాను.
మళ్లీ కదిలేసరికి
పొయ్యి మండుతోంది.
ఆవిడ ఒంటి మీద ఆయన కోటు.
గాడిద లేదు.

నాలుగు నిమిషాలు గీత మింగేసింది.

"గీతలు పడింది" అని తిరిగిస్తే
"ఆరేళ్ల నుంచీ అంతే" అంది వెర్నా కివినియెమి.
"లోపల చీటీ చూడలేదూ?"

అట్ట వెనక, నాలుగు మడతల్లో,
పెన్సిల్ రాత: గాడిదని అమ్మేశాడు.
దాని కింద నీలం సిరా:
లేదు. ఇంటి వెనకే ఉంది. చివర్లో గంట చప్పుడు వినండి.
ఇంకెవరో, గుండ్రంగా, బడిపిల్ల చేతిరాతలో:
ఆవిడ ఆయన కూతురు.
కాఫీ మరక మీదుగా మరొకరు: భార్య. మీకు పెళ్లి కాలేదనుకుంటా.
మంచు తోసే లారీ నడిపే ఆర్విడ్‌ది ఒక్కటే గుర్తుపట్టాను,
అన్నీ పెద్దక్షరాలే రాస్తాడు:
ఆ దారిలో అంత బరువు ఎక్కించడం తప్పు.

అక్కడే నిలబడి నేనూ రాశాను.
కోటు ఆయన ఇవ్వలేదు. ఆవిడే అడిగింది.
ఎలా తెలుసంటే, అది రాయలేదు గానీ,
మా ఇంట్లో పదకొండేళ్లు
చలేస్తోందా అని నేను అడగలేదు,
కోటివ్వమని ఆమె అడగలేదు.

ఆ తర్వాత పన్ను ఫారాల పక్క బీరువా అంతా నాదే.
ఎవరూ పేరు వినని వాళ్లు
అప్పులు చేసి తీసిన సినిమాలు,
పంచదార మిల్లు మూతపడే సినిమా,
రైలు రాని స్టేషన్‌లో పెళ్లిబృందం కూర్చునే సినిమా.
తలుపు మూసెయ్ అన్న మాట
ఇప్పుడు ఏడు భాషల్లో గుర్తుపడతాను.

మార్చిలో వెర్నా పిలిచింది.
మినియాపోలిస్ నుంచి వేరే కాపీ తెప్పించిందట,
గీత లేనిది.
"నువ్వే ముందు చూడు."

చూశాను.
నాలుగు నిమిషాలూ.
రెండోసారి కూడా చూశాను.

తిరిగివ్వడానికి వెళ్తే కౌంటర్ దగ్గర ఆర్విడ్,
టోపీ చేతిలో నలుపుతూ.
"ఏమైందట గాడిద?"

"దీనికీ గీతే," అన్నాను. "సరిగ్గా అక్కడే."

ఆర్విడ్ మొహం వెలిగింది.
వెర్నా కళ్లజోడు మీదుగా నన్నొకసారి చూసి
ఏమీ అనలేదు.
పాత అట్ట తెరిచి, నిండిపోయిన చీటీ వెనక
ఇంకో తెల్ల కాగితం మడిచి పెట్టింది.