వృత్తి గడిలో

ట్రాబ్జోన్ ఆసుపత్రి నేలమాళిగలో నా గది.
పద్దెనిమిదేళ్లుగా ముఖాల ముక్కలు చూస్తున్నాను,
ముఖాలు పైనే ఉండిపోతాయి.

ఆ మంగళవారం సూదితో తీసిన పోగుతో ఒక కాగితం:
షెహ్రిబాన్, ముప్పై నాలుగేళ్లు. ఎడమ బుగ్గలో గడ్డ,
మూడు వారాల్లో హేజెల్ కాయంత.
వృత్తి గడిలో తోటపని అని టైపు చేసి ఉంది.
పక్కన సర్జన్ సెర్వెట్ కోడిగీతలు:
ఈల వేస్తుంది.

ఆ కొండల్లో లోయకి ఇటొక ఇల్లు, అటొక ఇల్లు.
మాట చేరని చోటికి ఈల చేరుతుంది:
మేక తప్పిపోయింది,
లారీ వచ్చింది, బస్తాలు దింపండి,
పొయ్యి మీద నీళ్లు పెట్టు.
నేను రేవు పక్కన పుట్టినదాన్ని,
నాకు ఈల పలకదు.

లెన్సులో చూడగానే గుండె జారింది.
కదుళ్ల లాంటి కణాలు
ఒకదాన్నొకటి తోసుకుంటూ, చీలుతూ, మళ్లీ చీలుతూ.
అంత వేగంగా పెరిగేది దొంగేనని
చదువుకున్న కన్ను చెప్పింది. సార్కోమా.
కలం ఎత్తాను.

అప్పుడే పైనుంచి ఫోను.
"ఎల్లుండి తీసేస్తా. చుట్టూ రెండు సెంటీమీటర్లు.
నరం కూడా పోతుంది, మూతి ఒకవైపుకి పోతుంది.
బతుకుతుంది కదా."

బతుకుతుంది కదా.

టీ చల్లారింది. మళ్లీ చూశాను.
చీలికలు లెక్కకు మించి ఉన్నాయి, నిజమే,
వాటిలో వంకరది ఒక్కటీ లేదు.
నేత వదులుగా ఉంది,
పోగుల సందుల్లో దారితప్పిన ఎర్రకణాలు.
ఎక్కడో గాయమైందని భ్రమపడి
పిలవని పనికి పరుగెత్తుకొచ్చిన మాంసం, అంతే.

ఆగమన్నాను. ముక్కని జన్యు పరీక్షకి అంకారా పంపాను.
పదకొండు రోజులు.
సెర్వెట్ నాతో లిఫ్టులో కూడా మాట్లాడలేదు.
నేను తప్పైతే?
రాత్రుళ్లు కళ్లు మూస్తే కదుళ్లు తిరిగేవి.

జవాబు వచ్చేసరికి
గడ్డ సగానికి తగ్గింది, కత్తి తాకకుండానే.

రెండు నెలలకి మొదటిసారి మెట్లెక్కి పైకెళ్లాను.
సెర్వెట్ వరసగా చెబుతున్నాడు:
కనుబొమలెత్తండి, కళ్లు గట్టిగా మూయండి,
పళ్లు చూపించండి, ఈల వెయ్యండి.
ఆమె ఆగింది.
"ఏం చెప్పమంటారు?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న.
"మీ ఇష్టం" అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

కిటికీ అద్దం జిల్లుమంది.
వరండాలో కంటి కట్టుతో కూర్చున్న ముసలాయన
తలెత్తి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని
పొట్టిగా బదులిచ్చాడు,
సంచిలో చెయ్యి పెట్టి వెతకసాగాడు.

ఏమందని అడిగాను.
"ఆకలేస్తోందట.
పొద్దున్నుంచీ ఏమీ తినలేదట పిల్ల" అన్నాడు,
మొక్కజొన్న రొట్టె సగానికి తుంచుతూ.