ఛాటు

బుధవారం పద్నాలుగో గది ఖాళీ అయ్యింది.
బిడ్డను ఎత్తుకపోయిన్రు, బెలూన్లు ఎత్తుకపోయిన్రు,
పూలు నా చెత్తబండికి ఇడిసిపోయిన్రు.

మనామాల ఈ కాన్పుల దవాఖానల
నాలుగేండ్లసంది నేల తుడుస్తున్న.
పుట్టినోళ్ల ఏడుపే నాకు గడియారం.
పూలకు ఇక్కడ రెండు రోజుల వీసా,
ఆ తర్వాత నా చేతికి.

మొదటి పువ్వును పేపర్ల పెట్టిన, అరబ్బీ పేపరు.
తెల్లగులాబి రెక్క మీద సిరా దిగింది,
వంకరగ, ఒక్క ముక్క.
దేవుని మాటేదో అనుకొని కండ్లకద్దుకున్న.
రిసెప్షన్ల కూసునే బుదూర్ చదివి పక్కున నవ్వింది.
"అద్దెకు" అని ఉందట.
రెండు గదులు, ఏసీతోని.

అప్పట్నుంచి తెల్లకాయితమే.
కాయితం మీద అట్ట, అట్ట మీద పలక,
పలక మీద ఇరువై కిలోల బియ్యం బస్తా.
గుదేబియాల మా గదిల ఆరుగురం,
తిన్నకొద్ది బస్తా బరువు తగ్గుతది.
నెలాఖరుకు కుసుమలత తన సూట్‌కేసు తెచ్చి పైన పెడుతది.
శ్రీలంక పిల్ల.
ఎందుకని ఇంతవరకు అడుగలె.

పొద్దున ఒకపారి, డ్యూటీ దిగినంక ఒకపారి
కాయితం మార్చాలె. మార్చకుంటే మచ్చ.
ఆగస్టుల సముద్రం గోడలకెల్లి లోపలికొస్తది,
సబ్బుబిళ్లకు సుత చెమట పడుతది.
మందుల డబ్బాలల్ల చిన్న గింజల పొట్లాలుంటయి,
తినొద్దని రాసుంటదట,
తేమను తాగే గింజలు.
ఏరి తెచ్చి పూల పక్కన పండబెడుత.

గులాబి ముద్దగ ఆరది, లోపల కుళ్లుతది.
రెక్క రెక్క ఊడదీయాలె,
ఆరినంక పట్కారుతోని ఒకదాని మీదొకటి అంటియ్యాలె,
జిగురు సూదిమొనంత, ఎక్కువైతే ముడుత.
అది మళ్ల అదే గులాబని నేను చెప్ప.
చూసినోళ్లు అంటరు గులాబని.

ఈ వేళ్లు మెట్‌పల్లిల నేర్చినయి,
తునికాకు కట్టల కాడ.
రాత్రి తడిపి గోనెల చుట్టిన ఆకు
తెల్లారి ఎంత వంగుతదో, ఎక్కడ ఇరుగుతదో
ముందు చూపుడువేలికి తెలుస్తది, తర్వాత నాకు.
పదకొండేండ్లు చుట్టిన,
రోజుకు ఎనిమిది వందల బీడీలు.
పొద్దుగూకి కార్ఖానకు పోతే
టేకేదారు లింబన్న కట్టను ఒక్కపారి తిప్పి
పిడికెడు తీసి పక్కకు ఇసిరేటోడు.
"ఛాటు."
ఎందుకు ఛాటో చెప్పేటోడు కాదు.
ఆ పిడికెడు మళ్ల వాని సంచిలనే కనబడేది.

ఎరుపు నిలువదు, పాత గోరింటాకైతది.
పసుపు మొండిది.
నీలం పూలుంటయి, పేరు తెల్వదు,
అవి ఏడాదైనా అట్లనే చూస్తయి.
తెలుపు మాత్రం మెల్లగ, ఎవరూ చెప్పకున్నా,
తునికాకు రంగుకే వస్తది.

అద్దం కింద పరిచి, అంచు సుట్టూ
కట్లు కట్టే టేపు అంటిస్త, గాలి దూరకుండ.
ఎండ తగులని గోడకు తగిలియ్యాలె.
మా గదికి కిటికీ లేదు.
గీ ఒక్క పనికే కలిసొచ్చింది.

బుధవారం పూలు నిన్న ఆరినయి.
కింది మంచం మీద తువ్వాల పరిచి
ఒక్కొక్క రెక్కను టార్చి ముందు పట్టి చూసిన.
ఒకటి పక్కకు పెట్టిన.
"ఛాటు."
నోట్లకెల్లి అదే వచ్చింది, అదే గొంతుతోని.
నాకే ఉలికిపాటు.

కుసుమలత పైమంచం మీదికెల్లి తల వంచి
ఏమైందని సైగ చేసింది.
గీడ చూడు, అన్న, అంచుకు గోరు దిగింది.
గీడ నీళ్ల మచ్చ. అద్దం కింద ఇది పెరుగుతది,
పక్క రెక్కకు అంటుకుంటది.
ఇంకా చెప్పిన, చానసేపు,
ఆమెకు అర్థంకాని తెలుగుల.

అన్నీ ఇని చెయ్యి చాపింది.
ఆ రెక్కను తీసి
ఫోను ఎనుక, పారదర్శకం కవర్ల పెట్టుకున్నది.
నెలకే నల్లబడుతది పిల్లా, అన్న.
ఇనలె.