సున్నా చుట్టిన కాగితం

కోయింబ్రా నుంచి కవరొచ్చింది.
లోపల బొటనవేలి గోరంత వడపోత కాగితం,
దాని మీద పెన్సిల్‌తో ఒక సున్నా.
సున్నాలో ఏమీ లేదు.
ఉత్తరం మాత్రం ఉందంటుంది:
"చుక్క ఆరిపోయింది, ప్లాస్మిడ్ లోపలే ఉంది.
కత్తిరించి నానబెట్టండి. – డెల్ఫిము."

ట్రోమ్సోలో సూర్యుడు మొహం చాటేసి అప్పటికి పదహారు రోజులు.
పక్క బల్ల ఓడ్వర్ నవ్వాడు:
"ఇడున్, నీకు సున్నా చుట్టి పంపారు!"

కంటికి కనపడని గాజు అది.
మొదలు లేదు, తుది లేదు.
ఒక వంక,
మెదడు కణాలు ముట్టీ ముట్టని చోట
కాపలా కూర్చునే ప్రొటీన్ రాత.
దాని కొసకి ముడివేసి
ఏనాడో ఏ సముద్రంలోనో వెలిగిన జెల్లీచేప పచ్చదనం.
ఇంకో వంక,
మందుకి చావనివ్వని బుల్లి జన్యువు,
దారిఖర్చుల్లాంటిది.

బ్యాక్టీరియాకి వేడి తగిలించాను, నలభై అయిదు సెకన్లు.
ఉలిక్కిపడి నోళ్లు తెరిచాయి. గాజు లోపలికి జారింది.
పాలలో తోడు వేసి పడుకున్నట్టే పడుకున్నాను.
పొద్దున్నకి
(పొద్దంటే ఇక్కడ గడియారం చెప్పిన పొద్దే)
పళ్లెంలో తెల్లటి చుక్కలు,
మందు దాటి బతికినవి.

ఆ గాజుల్ని వాటిలోంచి కడిగి తీసి
పుట్టని ఎలుకపిల్ల మెదడు కణాల మీద పోశాను.
పధ్నాలుగు రోజుల వయసు వాటికి.
రెండు రోజులు తలుపు వేసి ఉంచాను.

సూక్ష్మదర్శిని గదిలో చీకటి.
బయటా చీకటే, కళ్లకి అలవాటు చేసుకునే పని లేదు.
తెర మీద, అబ్బ!
కణం కణమంతా పచ్చగా భగ్గుమంటోంది.
కొమ్మకొమ్మకీ వెలుగు ముద్దలు.
ఓడ్వర్ చప్పట్లు కొట్టాడు.
నేనూ కొట్టాను, కాసేపు.

తర్వాత లెక్కపెట్టబోయాను. అందలేదు.
అప్పుడు తెలిసింది అబద్ధమని.
కూర్చోడానికి చోటు లేక ప్రొటీన్లు
గుమ్మాల్లో, మెట్ల మీద, ఒకదాని నెత్తిన ఒకటి.
చొక్కాకి పేరు కుడదామని పోయి
మనిషినే దారంతో చుట్టేశాను.

డెల్ఫిముకి రాశాను. రెండు ముక్కల జవాబు:
"పదో వంతు పొయ్యండి.
నేనూ మొదటిసారి చప్పట్లు కొట్టాను."

పదో వంతు.
ఈసారి తెర దాదాపు నలుపు.
ఓడ్వర్ కాఫీకి వెళ్లిపోయాడు.
కింద వీధిలో మంచు తీసే బండి
వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.
కూర్చునే ఉన్నాను.

ఒక కొమ్మ వెంట
ఎవరో వేలి కొసల్లోంచి ముగ్గుపిండి విడిచినట్టు
ఒక చుక్క. ఖాళీ. ఒక చుక్క.
రెండు దగ్గర దగ్గరగా. ఖాళీ.
ఇంకా ఎవరూ గీతలు కలపలేదు.
పది మైక్రాన్లలో ఏడు.
మళ్లీ లెక్కపెడితే ఎనిమిది.
ఎనిమిదోది నేను చూస్తుండగానే
ఉందామా వద్దా అని తటపటాయిస్తోంది.

"ఏడు, బహుశా ఎనిమిది" అని పుస్తకంలో రాసుకున్నాను.
ఇన్నేళ్లలో ఆ "బహుశా" రాయడానికి
ఇంత ధైర్యం ఎప్పుడూ రాలేదు.

కోయింబ్రా కాగితం బల్ల మీదే ఉంది.
సున్నా కత్తిరించిన చోట గుండ్రటి కన్నం.
దీపానికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూశాను.
కన్నంలో ఓడ్వర్ వస్తున్నాడు,
రెండు చేతుల్లో రెండు కప్పులు.