బిళ్ళ బ్యాటరీ

రాత్రి మూడుంబావు.
ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీ వెనక గదిలో
సర్వరు మూలుగుతోంది గానీ పలకడం లేదు.
ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పిలుస్తున్నాను.
అడ్మిన్ టూల్ తెర మీద చిన్న చక్రం
తిరుగుతుంది, తిరుగుతుంది,
"సమయం మించిపోయింది" అని చేతులు దులుపుకుంటుంది.

పొమ్మన్నాడంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు.
ఆ మాటా అనకపోతేనే
వాకిట్లో నిలబడి ఆలోచించాలి.

పాస్‌వర్డు కాదు. మూడుసార్లు కొట్టాను,
చివరిసారి పైకి చదువుకుంటూ.
ఫైర్‌వాల్ కాదు.
"పోర్టు గానీ మూసుకుందా" అని గొణుక్కుంటుంటే
గుమ్మంలోంచి వాచ్‌మన్ గురువులు,
"పోర్టెందుకు మూసేత్తారమ్మా,
ఇందాకలే బొగ్గు వోడ లోపలికొచ్చింది గదా."
నవ్వే ఓపిక లేక తలూపాను.
నిజమే, పోర్టు తెరిచే ఉంది.

కేబుల్ పీకి టార్చి కింద పెడితే
ఎనిమిది పళ్ళకీ పచ్చటి పాచి.
ఈ ఊరి ఉప్పుగాలి
కిటికీ ఊచలు తిని, నా స్కూటరు సైలెన్సరు తిని,
తీరిగ్గా ఇటు వచ్చింది.
గురువులు రిజిస్టరులో తప్పులు చెరిపే రబ్బరుతో
రుద్దాను, ఊదాను, మళ్ళీ రుద్దాను.
ఆకుపచ్చ దీపం.
పింగ్ వెళ్ళి తిరిగొచ్చింది,
డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌసు వెలుగు
ఇంకోసారి ఇటు తిరిగేలోపే.

ఈసారి టూల్ నోరు విప్పింది:
"మీ సర్టిఫికెట్టు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు."

ఇంకా?
గడువు తీరిందంటే అర్థముంది.
ఇంకా రాకపోవడమేమిటి,
పోయిన నెల నేనే చేసి నేనే సంతకం పెట్టిందాన్ని!

మానిటరు మోసుకొచ్చి తగిలించాను.
సర్వరు గడియారంలో
రెండువేల పది, జనవరి ఒకటి, తెల్లవారుజాము.
సాయంత్రం కరెంటు పోయినప్పుడు
లోపలి బిళ్ళ బ్యాటరీ కూడా పోయింది.
లేచాక తేదీ చెప్పే దిక్కు లేక
ఫ్యాక్టరీలో నేర్పిన తేదీనే పట్టుకు కూర్చుంది.
ఆ రోజుకి నేను గాజువాకలో ఇంటర్ చదివే పిల్లని.
నన్నెలా రానిస్తుంది?

గురువులుకి అదే చెప్పాను.
చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు.
"అంటే దీనికి హుద్‌హుద్ రాలేదు."
"రాలేదు."
"మా మరబోటు జెట్టీకి కట్టే ఉన్నాదన్నమాట,
దీని లెక్కలో."

ఏం చెప్పను.
మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, వొంగి,
అంకెల్లోకి చూశాడు చాలాసేపు,
రేవులోకి చూసినట్టు.

బయట వేలంపాట మొదలైంది.
స్లిప్పు రానిదే ఐసివ్వరు,
ఐసు లేనిదే బుట్ట కదలదు.
"ఏటమ్మా, సేపలు మెత్తబడిపోతన్నాయి!"
పోలమ్మ అరచేత్తో తలుపు బాదుతోంది.
బిళ్ళ బ్యాటరీ ఈ వేళప్పుడు ఎక్కడ తేను,
జగదాంబలో వాచీల కొట్టు తెరిచేది పదింటికి.
విషయం విని, బొడ్లోంచి చేతి కాటా తీసి,
వెనక మూత తనే ఊడదీసి,
"తీసుకో" అంది. "పదింటిదాకా నా సెయ్యే కాటా."

సర్వరు ఆపి, బిళ్ళ మార్చి, లేపి,
ఈనాటి తేదీ కొట్టాను.
ఎంటర్ మీద వేలు ఆగింది.
గురువులు వైపు చూశాను.
"కొట్టమ్మా" అన్నాడు. "అవతల సేపలు."

చక్రం తిరగనేలేదు.
లోపలికి వెళ్ళిపోయాను, మామూలుగా,
రోజూ వెళ్ళే ఇంట్లోకి వెళ్ళినట్టు.
స్లిప్పులు బరబరా దిగాయి.

ఏడింటికి జగ్గారావు గారి ఫోను.
"కారణమేం రాశావు?"
"బ్యాటరీ సార్."
"ఒక్క బ్యాటరీకి మూడు గంటలా?"
ఔనన్నాను.

పాత బిళ్ళ బల్ల మీద లేదు.
ఎవరినీ అడగలేదు.
బయట పోలమ్మ ఓ వంజరాన్ని అరచేతిలో ఎగరేసి
"కేజీ ముప్పావు" అంటోంది.
కొనేవాడు నమ్మలేదు.
ఇంకోసారి ఎగరెయ్యమన్నాడు.