ఖాళీ బుడగ

సిరొంచ బడిలో నాలుగో పీరియడ్.
ఇంట్లో తెలుగు, బోర్డు మీద మరాఠీ,
వెనక బెంచీ గుసగుసలకు గోండి.
ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే మాత్రం
అందరికీ ఒకేసారి దగ్గు.

సంచిలోంచి కామిక్కులు తీశాను.
బుర్ఖాలో ఒకామె మబ్బులు దాటుతోంది.
ఒకడికి కాలు లేదు, తుఫాను ఉంది.
నల్లటి పిల్ల ఒకతె, చేతిలో గడకర్ర.
మాటల బుడగలన్నీ రాత్రే
తెల్ల ఇంకుతో చెరిపేసి తెచ్చాను.

మైని తలాండి ఆ కర్ర మీద వేలు పెట్టింది.
"సార్, గీమె మా మేనత్త లెక్కనే ఉంది.
ఎగురది గని,
వానల రాత్రి ప్రాణహితల పడవ తోస్తది."

బడి తెరిచినప్పటి నుంచీ నోరు విప్పని పిల్ల
పెన్సిల్ ములికి నాకి
బుడగలో రాసింది:
ఐ నాట్ ఫ్లై. ఐ కమ్.

ఎర్ర పెన్ను తీశాను.
మళ్ళీ మూత పెట్టేశాను.