గ్రేడింగ్

వేలం ముగిసిన సాయంత్రం
ఫ్రాన్సు బయ్యరు మా షావుకారుకి ఒక సీసా ఇచ్చిపోయాడు.
ఆయనకు షుగరు. డ్రైవరుకు పెళ్లాం భయం.
చేతులు మారి మారి
గ్రేడింగు షెడ్డులో నా ఒళ్లో పడింది.

కొండపిలో ముప్పయ్యేళ్లుగా ఆకు ఏరుతున్నదాన్ని.
కళ్లు మూసి చెప్పమన్నా చెబుతా:
ఇది నల్లరేగడి, ఇది ఇసక చెలక,
ఇది మూడోరాత్రి మంట తగ్గించి
మనిషి నిద్రపోయిన బ్యారన్‌ది.

కాటా రాసే రూబేను ఫోను పెట్టి సీసా మీది రాత చదివాడు.
రెండొందల యాభై ఏళ్లుగా ఒకే కుటుంబం, ఒకే తోట,
చేత్తో కోసిన ద్రాక్ష.
"చేత్తో కాక కాలితో కోస్తారా ఏంది?" అంది కోటేశ్వరి.
అందరం నవ్వాం.
ద్రాక్ష కోసిన ఏడు రెండువేల పన్నెండు, అన్నాడు రూబేను.

ఆ ఏడే మా బ్యారన్ తగలబడింది.
నడిరేయి, ఎర్రగా కాలిన గొట్టం మీద
ఒక్క ఆకు రాలింది, అంతే.
తెల్లారేసరికి కర్రల్లేవు, కప్పు లేదు.
ఊరంతా తియ్యటి వాసన.
బస్సు దిగినవాళ్లు గాలి పీల్చి బాగుందన్నారు.

అదే ఏడు అక్కడెవరో
రసం సీసాకెత్తి బిరడా కొట్టి
చీకట్లో పడుకోబెట్టారు.

బిరడా రాలేదు.
బేళ్లు కుట్టే దబ్బనంతో పొడిచి పొడిచి
సగం పీకి, సగం లోపలికే తోశాం.
స్టీలు గ్లాసులో నేరేడు రంగు.
ముందు తాగలేదు నేను. ముక్కు దగ్గర పెట్టుకున్నా.

నేరేడు.
దాని కింద వగరు, చింతగింజ పొట్టులాగా.
దాని కింద తడిసిన గోనె.
ఇంకా కింద, చాలా కింద,
కాలీకాలని ఆకు ఒకటి.
అది వాళ్లదో నాదో తెలీదు.

కోటేశ్వరి గుక్కెడు తాగి దగ్గుమందే నయమంది.
రూబేను రెండు గుక్కలకే ఇంగ్లీషులోకి దిగాడు.
నేను నాలిక మీద ఆపుకున్నా, ఆకు కొస నమిలినట్టు.

సరుకు మంచిదే. నేల మంచిది, చేతులు మంచివి.
అయినా మొదటి రకంలో వెయ్యను.
ఒక్కరోజు ముందు కోశారు.
మబ్బు చూసి భయపడుంటారు.
ఎన్ని తరాలైనా ఆ భయం పోదు కాబోలు.

వచ్చే వేలానికి బయ్యరొస్తే చెప్పాలి.
ఎట్టా చెప్పాలో తెలీదు.
సీసా కడగలేదు.
కదిలిస్తే లోపల సగం బిరడా
గలగలమంటోంది.