కొత్తనీరు

నౌపడ స్టేషన్ వెనక నా దుకాణం.
ఇక్కడ డిష్ గొడుగులు మూడేళ్ళకే తుప్పు పడతాయి.
గాలిలోని ఉప్పు
నాకంటే ముందే వచ్చి
ప్రతి స్క్రూనీ తడిమి చూసి వెళుతుంది.

కొత్తనీరొచ్చి పాతనీటిని కొట్టుకుపోతుందని
సామెత చెప్పినవాడెవడో
ఎప్పుడూ రిసీవర్ విప్పి ఉండడు.
ఈ పెట్టెలో పాతనీరు ఎక్కడికీ పోదు.
కొత్తది వచ్చి దాని ఒళ్ళో కూర్చుంటుంది.
ఒకే పీట మీద ఇద్దరూ కీచులాడుకుని
బొమ్మ బిగుసుకుపోతుంది.

కిందటేడు భావనపాడులో
కూర్మయ్య ఇంట్లో తొందరపడ్డాను.
అవతల పెళ్ళి భోజనం, ఇవతల నా పెన్‌డ్రైవు.
రీసెట్ చెయ్యకుండానే అప్‌డేట్ ఎక్కించి
చేతులు కడుక్కున్నాను.
మర్నాటికల్లా
వాతావరణం చెప్పే అమ్మాయి ఆగిపోయింది,
నోరు సగం తెరిచి,
చూపుడువేలు కళింగపట్నం మీద పెట్టి.
మూడు రోజులు అక్కడే చూపించింది.
మూడు రోజులూ కూర్మయ్య తల్లి
వల పడవలోకి ఎక్కనివ్వలేదు.
ఒక్క చుక్క పడలేదు.
ఆ మూడు రోజుల చేపలకీ నేనే బాకీ అన్నట్టు
సంతలో ఇప్పటికీ చూస్తాడు.

అందుకే ఈసారి, దాలమ్మ ఇంట్లో,
ముందే చెప్పాను:
"అంతా చెరిపెయ్యాలి."
అప్పుడే మడిలోంచి వచ్చింది ఆమె,
పాదాల పగుళ్ళలో తెల్లటి గీతలు.
"ఏటి సెరిపేస్తావు?"
"నువ్వు దాచుకున్న ఛానెళ్ళ వరస,
సౌండు, తాళం నంబరు, గడియారం కూడా.
కొట్లోంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా."
భయపడుతుందనుకున్నాను.
అందరూ భయపడతారు.
టెక్కలిలో ఒక మేష్టారైతే
రిమోట్ చేతికివ్వకుండా
వంకాయ కూరతో అన్నం పెట్టి పంపేశాడు.

దాలమ్మ నవ్వింది.
"మడి కూడా అంతే గదేటి, బావూ.
కొత్త ఏడు నీరు పెట్టే ముందల
అడుగు గోకీసి, పాత సేదునీరు తోడీసి,
కాళ్ళతో తొక్కి తొక్కి అద్దం సెయ్యాల.
అది ఒగ్గీసి నీరు పెట్టీసినావంటే
గల్లు కట్టదు.
కట్టినా నోట పెట్టలేవు."

కంపెనీ ఇచ్చిన పన్నెండు పేజీల కాగితంలో
ఈ ముక్క లేదు.

సున్నపు గోడ మీద పెన్సిలుతో
నంబర్లు ఎక్కించాను.
వార్తలు. సీరియళ్ళు.
ఆమె ఎన్నడూ చూడని ఒకటి,
మనవరాలి లెక్కల పాఠాలది.
అన్నీ రాశాక రీసెట్ నొక్కాను.
ప్లగ్గు పీకి, అరవై దాకా లెక్కపెట్టమన్నాను.
ఒకటి అనలేదు ఆమె.
గంపలు కొలిచినట్టు మొదలెట్టింది:
"లాభం. రెండు. మూడు..."
నలభై దగ్గర ఊపిరి తీసుకుని
అరవై గంపలూ గట్టు మీదకి చేర్చింది.

తరవాత పెన్‌డ్రైవు.
గీత కదిలింది.
నలభై ఏడు శాతం దగ్గర
ఫ్యాను వేగం తగ్గింది.
ఇద్దరం ఫ్యానుకేసి చూశాం, టీవీకేసి కాదు.
ఏ దేవుడికి దణ్ణం పెట్టిందో, నేనడగలేదు.
నేను మాత్రం సబ్‌స్టేషన్‌కి పెట్టాను.
రెక్కలు మళ్ళీ అందుకున్నాయి.

నూరు.
నల్లటి తెర. ఆ తరవాత నీలం.
పుట్టీ పుట్టగానే పెట్టె అడిగింది,
ఏ భాష, అని.
"మన బాస పెట్టు" అంది దాలమ్మ.
జాబితా కిందిదాకా వెతికాను.
తెలుగు ఉంది.
ఆమె భాష లేదు.
తెలుగే నొక్కాను.

పెరట్లో గొడుగు
తన పాటికి తాను తుప్పు రాలుస్తూ
అదే ఆకాశం ముక్కకేసి చూస్తోంది,
దానికెవరూ ఏదీ మరిచిపొమ్మని చెప్పలేదు.

డబ్బులు సగమే ఇచ్చింది.
మిగతా సగానికి
పాత చీరచెంగులో రెండు కిలోల ఉప్పు మూట కట్టింది.
"కొత్త మడిది, మొదటి తీత.
కూసింత మట్టిరంగు ఉంటాది.
కూరలోకి పరవాలేదు.
ఊరగాయకి మాత్రం ఇప్పుడే పెట్టకు."